పిల్లల కంటిపాపల్లో తేడా: ఎవరిని, ఎప్పుడు, ఎక్కడికి పంపాలి?

ఆయాసం వచ్చి రాత్రి నెబ్యులైజర్ పెట్టించుకుని వచ్చిన మూడేళ్ల బిడ్డ పొద్దున లేచేసరికి ఒక కంటిపాప బాగా పెద్దదై ఉంటుంది. దాని చుట్టూ ఉండే గోధుమరంగు పొర సన్నటి అంచులా మాత్రమే మిగులుతుంది. ఇంట్లో గగ్గోలు పుడుతుంది. మెదడులో ఏదో జరిగిందేమోనని ఊరి డాక్టరు తిరుపతికి రాసిస్తారు, ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని బయలుదేరుతారు. అదే మండలంలో ఇంకో ఇంట్లో ఏడు నెలల పసిబిడ్డకు ఒక కన్ను కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది. పైరెప్ప వెంట్రుకవాసి దిగి ఉంటుంది, ఆ కంటిపాప రెండోదానికంటే కాస్త చిన్నది. "వాళ్ల నాయనకూ అట్లే ఉండె, పెద్దయితే సర్దుకుంటాది" అనుకుని వదిలేస్తారు.

ఈ ఇద్దరిలో ముందు నిపుణుల దగ్గరికి చేరాల్సింది రెండో బిడ్డ. మొదటి బిడ్డ హుషారుగా ఆడుకుంటూ ఉంటే, ఆ కన్ను ఒకటి రెండు రోజుల్లో తనంతట తానే మామూలవుతుంది.

కంటిపాపల్లో తేడా ఉన్న పిల్లలను రెఫర్ చేయడంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఒకటే: తేడా పెద్దగా ఉంటే భయపడటం, చిన్నగా ఉంటే ధైర్యపడటం. తేడా ఎన్ని మిల్లీమీటర్లన్నది నిర్ణయంలో ఒక చిన్న భాగం మాత్రమే. రెండు కంటిపాపల్లో తప్పు ఏదానిది, ఆ తేడా వెలుతురులో పెరుగుతోందా చీకటిలో పెరుగుతోందా, దానితోపాటు ఇంకేం కనిపిస్తోంది అన్నవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక టార్చి, తలుపులు మూస్తే చీకటయ్యే గది, పక్కన ఓపికున్న మనిషి ఉంటే చాలు.

ముందు కంటిపాప పనితీరు కొంచెం తెలియాలి. అది గోధుమరంగు పొర మధ్యలో ఉన్న రంధ్రం. ఆ పొరలో రెండు కండరాలున్నాయి. ఒకటి రంధ్రం అంచు చుట్టూ ఉండి, సంచి మూతికి వేసిన నాడాలాగా బిగిస్తుంది. దానికి ఆదేశం మెదడు నుంచి మూడో కపాల నరం ద్వారా వస్తుంది. రెండో కండరం రంధ్రం అంచును బయటివైపుకు లాగి తెరుస్తుంది. దాన్ని నడిపించే సింపథెటిక్ నరం దారి మాత్రం విచిత్రమైనది. మెదడులో బయలుదేరి, వెన్నుపాము వెంట ఛాతీ పైభాగం దాకా దిగి, ఊపిరితిత్తి కొనమీదుగా తిరిగి మెడలోకి ఎక్కి, తలకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనిని అంటిపెట్టుకుని కంటికి చేరుతుంది. ఆ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా, ఏ గడ్డ నొక్కినా, ఫలితం కనిపించేది కంటిలోనే. ఏడు నెలల బిడ్డ కంటి గురించి ఛాతీ దాకా ఆలోచించాల్సి రావడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వెలుతురు ఒక్క కంటిలో పడినా మెదడు రెండు కంటిపాపలకూ సమానంగానే ఆదేశం పంపుతుంది. కాబట్టి ఒక కంటికి చూపు తక్కువైనంత మాత్రాన, చివరికి ఒక కన్ను పూర్తిగా కనిపించకపోయినా, కంటిపాపల సైజులో తేడా రాదు. "సైటు ఉందేమో, అద్దాలు రాయిస్తే సర్దుకుంటుంది" అనే మాటకు అందుకే ఆధారం లేదు. స్కూల్లో గోడ మీది అక్షరాలు రెండు కళ్లతోనూ చక్కగా చదివాడు కాబట్టి భయం లేదనడం కూడా అలాంటిదే. ప్రమాదకరమైన కారణాలు కొన్నింటిలో చూపు మొదట్లో చెక్కుచెదరదు.

ఇక పరీక్ష. బిడ్డను పట్టపగటి వెలుతురులో ఒకసారి, మసక గదిలో ఇంకోసారి చూడాలి. మన పిల్లల కళ్లు ముదురు గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి మసకలో కంటిపాప అంచు తెలియదు. టార్చిని ఎదురుగా కాకుండా గడ్డం కింద నుంచి ఏటవాలుగా, కళ్లలో నేరుగా పడకుండా పట్టుకుంటే అంచు కనిపిస్తుంది. పిల్లలు సహజంగా టార్చినే చూస్తారు. దగ్గరి వస్తువును చూసినప్పుడు కంటిపాపలు చిన్నవవుతాయి కాబట్టి పరీక్ష చెడిపోతుంది. అమ్మను గదికి అవతలి గోడ దగ్గర నిలబెట్టి పిలిపించడం తేలిక ఉపాయం. చంటిబిడ్డయితే ఒడిలో కూర్చోబెట్టి సెల్‌ఫోన్‌లో వీడియో తీసి, తర్వాత ఆపి ఆపి చూడటం మేలు.

తేడా వెలుతురులోనూ మసకలోనూ ఒకేలా ఉంటే, ఒక మిల్లీమీటరు లోపే ఉంటే, రెప్పలు సమంగా ఉండి కళ్లు అన్ని వైపులా కదులుతుంటే, అది చాలావరకు సహజమైన తేడా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఇలాంటి తేడా ఉంటుంది. ఒక రోజు కనిపించి ఇంకో రోజు కనిపించకపోవచ్చు, వైపు కూడా మారవచ్చు. ఇక్కడ పాత ఫోటోలు ఎంతో సాయం చేస్తాయి. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించినప్పటివి, అన్నప్రాసన నాటివి, మొదటి పుట్టినరోజువి దాదాపు ప్రతి ఫోనులో ఉంటాయి. వాటిని పెద్దది చేసి చూస్తే తేడా ఎప్పటినుంచి ఉందో తెలుస్తుంది. ఇలాంటి పిల్లలను హడావిడిగా పెద్దాసుపత్రికి పంపితే ఆ కుటుంబానికి ఒక రోజు కూలి, దారి ఖర్చు, నిద్రలేని రాత్రి మిగులుతాయి. ఫోటో తీసి పెట్టుకుని, కొన్ని వారాల తర్వాత దగ్గరలోని కంటి వైద్యులకు ఒకసారి చూపిస్తే సరిపోతుంది.

వెలుతురులో తేడా పెరుగుతోందంటే పెద్ద కంటిపాప సరిగా ముడుచుకోవడం లేదని అర్థం. చూడగానే గుండె జారేలా చేసేది ఇదే. పిల్లల్లో దీనికి తరచుగా కనిపించే కారణాలు చాలా మామూలువి. నెబ్యులైజర్‌లో వాడే మందుల్లో ఇప్రట్రోపియం ఒకటి. మాస్కు బిడ్డ ముఖానికి పెద్దదైతే, లేదా ఏడుస్తూ తల తిప్పితే, ముక్కు పక్కన ఏర్పడిన సందులోంచి ఆవిరి ఒక కంటివైపు పోతుంది. కొన్ని గంటల తర్వాత ఆ కంటిపాప విచ్చుకుంటుంది. ఆయాసానికి మందు పెట్టించారా, ఎప్పుడు, మాస్కు ఎలా పట్టుకున్నారు అని అడిగితే చాలాసార్లు గుట్టు అక్కడే తేలిపోతుంది. అయితే ఈ ప్రశ్న ఎవరూ అడగకుండానే స్కాన్ దాకా వెళ్లిన పిల్లలు ఉంటారు. అది బాధ కలిగించే విషయం.

రెండో కారణం ఊరి పొలిమేరల్లోనే పెరుగుతుంది. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమైన్ వంటి పదార్థాలు ఉంటాయి. కంటి ఆసుపత్రిలో కంటిపాపను పెద్దది చేయడానికి వాడేది కూడా ఈ కోవకు చెందిన మందే. వినాయక చవితికి కోసే 21 పత్రుల్లో ఉమ్మెత్త ఒకటి. కాణిపాకం ఉన్న ఈ సీమలో చవితి ముందు రోజు పత్రి కోసుకొచ్చే పని పిల్లలదే. ఆకు తుంచిన చేత్తో కన్ను నులుముకుంటే చాలు, కంటిపాప పెద్దదై కొన్ని రోజులపాటు అలాగే ఉండిపోవచ్చు. దగ్గరి అక్షరాలు మసకబారతాయి, ఎండ చూడలేరు. కన్నుకు శాశ్వతంగా ఏమీ కాదు. అదే ఉమ్మెత్త గింజలు, కాయ నోట్లోకి పోతే పరిస్థితి వేరు. రెండు కంటిపాపలూ విచ్చుకుంటాయి, నోరు పిడచకడుతుంది, ఒళ్లు కాలుతుంది, బిడ్డ పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు. అది విషం. క్షణం ఆగకుండా 108కు ఫోన్ చేయాల్సిన సందర్భం.

మూడోది ఇంట్లోనే ఉండే కంటి మందు. అద్దాల పరీక్ష కోసం పిల్లలకు కొన్ని రోజులు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టమని రాస్తారు. దాని ప్రభావం పది రోజులు దాటి కూడా ఉండవచ్చు. సైటు పెరగకుండా ఈ మధ్య కొందరు పిల్లలకు బాగా పలచన చేసిన అట్రోపిన్ చుక్కలు వాడుతున్నారు. అక్కకు వేసిన చేత్తోనే అమ్మ తమ్ముడి కన్ను తుడిచినా వాడి కంటిపాప పెద్దది కావచ్చు. మందు వల్ల విచ్చుకున్న కంటిపాపకు ఒక గుర్తు ఉంది. ముడిచే మందైన ఒక శాతం పైలోకార్పిన్ చుక్క వేసినా అది ముడుచుకోదు. నరం దెబ్బతిన్నందువల్ల విచ్చుకున్నదైతే ముడుచుకుంటుంది. ఈ ఒక్క చుక్కతో కంటి వైద్యులు అనవసరమైన స్కాన్ తప్పించగలరు.

క్రికెట్ బంతి, బిళ్ళంగోడు బిళ్ళ, దీపావళి టపాకాయ నేరుగా కంటికి తగిలినప్పుడు ముడిచే కండరమే చిరిగి కంటిపాప పెద్దదిగా, కొన్నిసార్లు వంకరగా మిగిలిపోతుంది. ఇలాంటి బిడ్డను అదే రోజు కంటి ఆసుపత్రికి పంపాలి. లోపల రక్తం చేరిందా, వెనక పొర దెబ్బతిందా అన్నది అక్కడే తేలుతుంది. ఈలోగా కన్ను నలపకూడదు, ఒత్తి కట్టు కట్టకూడదు, ఆకు పసర్లు అసలే పోయకూడదు.

పెద్ద కంటిపాపతోపాటు రెప్ప బాగా వాలిపోయి, కనుగుడ్డు కిందికీ బయటికీ తిరిగి ఉంటే మూడో నరం దెబ్బతిన్నట్టే అనుకోవాలి. తలకు దెబ్బ తగిలాక బిడ్డ మగతగా ఉండి, వాంతులు చేసుకుంటూ, ఒక కంటిపాప పెద్దదవుతుంటే లోపల రక్తస్రావం మెదడును నొక్కుతోందని భయపడాలి. ఇక్కడ కంటి ఆసుపత్రి పేరే ఎత్తకూడదు. కంటి గుర్తు కదా అని ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అక్కడి నుంచి స్కాన్‌కు పంపించుకుంటే వృథా అయ్యేది ప్రాణం నిలబెట్టే గంటలు. సీటీ స్కాన్, న్యూరోసర్జన్ (మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు) ఉన్న చోటికే బండి నేరుగా వెళ్లాలి.

ఇప్పుడు ఆ ఏడు నెలల బిడ్డ సంగతి. మసకలో తేడా పెరుగుతోందంటే చిన్న కంటిపాప సరిగా విచ్చుకోవడం లేదన్నమాట, అంటే ఆ పొడవాటి సింపథెటిక్ నరం దారిలో ఎక్కడో అడ్డు ఉంది. దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటారు. స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు హార్నర్ 1869లో దీన్ని వివరించాడు. పైరెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. కిందిరెప్ప కూడా కొంచెం పైకి లేస్తుంది కాబట్టి కన్నే చిన్నదైనట్టు అనిపిస్తుంది. లైటు ఆర్పగానే మామూలు కంటిపాప అయిదు సెకన్లలోపే విచ్చుకుంటే, ఇది పది పదిహేను సెకన్లు తీసుకుంటుంది. మొబైల్ వీడియోలో ఈ ఆలస్యం స్పష్టంగా దొరుకుతుంది. గుక్కపట్టి ఏడ్చినప్పుడు ముఖం ఒక సగం కందిపోయి రెండో సగం కందకపోవడాన్ని తల్లులు గమనిస్తారు, అయినా కంటితో దానికి సంబంధం ఉంటుందని ఎవరూ ఊహించరు. పుట్టుకతో వచ్చినదైతే కొంతకాలానికి ఆ కంటి రంగు రెండోదానికంటే లేతగా తేలవచ్చు.

కారణాలు కొన్ని నిరపాయమైనవి. కష్టమైన కాన్పులో మెడ లాగబడితే అదే వైపు చేయి బలహీనంగా ఉండటంతోపాటు ఇదీ కనిపించవచ్చు. ఛాతీ, మెడ ఆపరేషన్ల తర్వాత కూడా రావచ్చు. తిరుపతిలో 2021 నుంచి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం నడుస్తోంది, గుండె ఆపరేషన్ అయిన పిల్లలు ఈ జిల్లాల ఊళ్లలో ఇప్పుడు కొత్తేమీ కాదు. ఛాతీ మీద ఆపరేషన్ మచ్చ ఉన్న బిడ్డలో ఈ తేడా కనిపిస్తే, ఆపరేషన్‌కు ముందు ఫోటోలు, తర్వాత ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడటం మొదటి పని. కొందరు పిల్లల్లో ఏ కారణమూ దొరకదు.

కానీ కొద్దిమందిలో ఇది న్యూరోబ్లాస్టోమా అనే కాన్సర్ చూపించే మొదటి గుర్తు. సింపథెటిక్ నరాల కణజాలంలోనే పుట్టే ఈ గడ్డ ఎక్కువగా అయిదేళ్ల లోపు పిల్లల్లో వస్తుంది. మెడలోనో ఛాతీ పైభాగంలోనో ఉన్నప్పుడు ఆ నరాన్ని నొక్కుతుంది. అప్పటికి బిడ్డ పాలు తాగుతూ, నవ్వుతూ, బరువు పెరుగుతూ ఉండవచ్చు. ఏడాదిన్నర వయసులోపు బయటపడిన పిల్లల్లో ఫలితాలు పెద్ద పిల్లలకంటే బాగుంటాయి. అందుకే కారణం తెలియని హార్నర్ ఉన్న పసిబిడ్డకు మెదడు, మెడ, ఛాతీ ఎం.ఆర్.ఐ. తీయించాలనీ, మూత్ర పరీక్ష చేయించాలనీ నిపుణులు అడుగుతారు. "పుట్టినప్పటినుంచీ ఇంతే" అనే మాట ఇక్కడ పూర్తి భరోసా ఇవ్వదు, ఎందుకంటే ఈ గడ్డ పుట్టేటప్పటికే ఉండవచ్చు. ఒక మిల్లీమీటరు తేడా కోసం పసిబిడ్డకు మత్తిచ్చి స్కాన్ తీయడమేమిటని కుటుంబం జంకడం సహజం. ఆ జంకును తీర్చేలా కారణం వివరించడం రాసిచ్చే డాక్టరు బాధ్యత. కాగితం చేతిలో పెట్టి పంపేస్తే సగం మంది దారిలోనే ఆగిపోతారు.

హార్నర్‌ను నిర్ధారించడానికి అప్రాక్లోనిడిన్ చుక్కలు వాడతారు. పెద్దల్లో బాగా పనికొచ్చే ఈ పరీక్ష ఏడాదిలోపు పసిపిల్లల్లో మగతనూ, శ్వాస మందగించడాన్నీ తేవచ్చు. ఊళ్లో ఎవరూ దీన్ని ప్రయత్నించకూడదు.

సైజు కాక ఆకారమే తేడాగా ఉన్న కంటిపాపలు వేరే కథ. పుట్టుకతో కిందివైపు తాళంచెవి రంధ్రంలా సాగి ఉంటే కంటి వెనక పొర కూడా చూడాలి, కానీ పరుగెత్తనక్కర్లేదు. కీళ్లవాపు ఉన్న పిల్లల్లో ఎరుపు, నొప్పి లేకుండానే కంటిలోపల వాపు వచ్చి కంటిపాప అంచులు అతుక్కుపోతాయి. ఆ పిల్లలకు కంటి పరీక్ష క్రమంగా జరగాల్సిందే. ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిస్తే కంటిలోని కాన్సర్ కావచ్చు, శుక్లం కావచ్చు. రోజుల్లో చూపించాలి, వారాలు వద్దు.

ఎక్కడికి అన్న ప్రశ్నకు భూగోళమూ జవాబు చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా విడిపోయినా వైద్యం దారులు పాతవే. తిరుపతిలో ప్రభుత్వ పెద్దాసుపత్రి రుయా ఉంది, శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ అయిన స్విమ్స్ ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. చిత్తూరు, గుడిపాల వాళ్లకు తిరుపతి కంటే వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. కుప్పం వాళ్లకు పీఈఎస్ వైద్య కళాశాల ఊళ్లోనే ఉంది. నగరి, పుత్తూరు జనం అలవాటుగా చెన్నై వైపు చూస్తారు. దూరం ఎంతన్నది ఒక్కటే చూడకుండా, బిడ్డకు కావాల్సిందేమిటో చూసి పంపాలి. దెబ్బ తగిలిన కంటికి కంటి ఆసుపత్రి. మగతకు, వాంతులకు న్యూరోసర్జన్. హార్నర్ అనుమానానికి పిల్లల కంటి వైద్యులతోపాటు పిల్లల వైద్యులు, మత్తిచ్చి స్కాన్ తీసే సదుపాయం ఒకే ప్రాంగణంలో ఉండే పెద్దాసుపత్రి. మూడు గడపలు తొక్కించడం కంటే మొదటిసారే సరైన గడపకు పంపడం బిడ్డకూ మేలు, తల్లిదండ్రుల జేబుకూ మేలు.

రెఫరల్ కాగితం మీద "కంటిపాపల్లో తేడా, చూడగలరు" అని ఒక్క ముక్క రాసి పంపడం ఇంకా ఆగలేదు. అందులో రాయాల్సినవి: తేడా వెలుతురులో ఎక్కువా మసకలో ఎక్కువా, రెప్ప ఎలా ఉంది, కళ్లు కదులుతున్నాయా, ఎప్పటినుంచి, నెబ్యులైజర్, చుక్కలు, ఉమ్మెత్త, దెబ్బ, ఆపరేషన్ వంటివి ఏమైనా ఉన్నాయా. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉండాలి: కంటిపాపలు పరీక్షించేవరకు చుక్కలు వేయవద్దు. కంటి ఆసుపత్రుల్లో రద్దీ వల్ల డాక్టరు చూడకముందే సిబ్బంది కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసేస్తుంటారు. మామూలు రోగికి అది సమయం కలిసొచ్చే పద్ధతే. ఈ బిడ్డకు మాత్రం వెతుక్కుంటూ వచ్చిన గుర్తు ఆ చుక్కతో చెరిగిపోతుంది, ఆ రోజు ప్రయాణమంతా వృథా అవుతుంది. చదువురాని తల్లి అయినా వరుసలో నిలబడి "డాక్టరు చూసినాకే చుక్కలు వేయండి" అని చెప్పగలిగేలా ముందే నేర్పి పంపాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. చూపు పరీక్షతోపాటు వెలుతురులో ఒకసారి, తలుపు మూసి ఒకసారి కంటిపాపలు చూడటానికి బిడ్డకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఎక్కువగా అంగన్‌వాడీలో పెట్టాలి, ఎందుకంటే హార్నర్ విషయంలో తొందరపడాల్సిన వయసు అదే, బడి వయసు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త టీకాల రోజున అడగదగ్గ ప్రశ్న కూడా ఒకటుంది: ఫోటోల్లో బిడ్డ కన్ను ఒకటి చిన్నదిగా ఉందని ఇంట్లో ఎవరైనా అన్నారా?

సహజమైన తేడాగా తేల్చి ఇంటికి పంపిన పిల్లల తల్లిదండ్రులకు ఏం కనిపిస్తే మళ్లీ రావాలో కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. రెప్ప కొత్తగా దిగడం, మెల్ల రావడం, తలనొప్పితో వాంతులు, తేడా మునుపటికంటే పెరగడం, మెడలో గడ్డ తగలడం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆ వారంలోనే, వాంతులూ మగతా ఉంటే ఆ గంటలోనే రావాలి.